నోమాడ్ బ్రౌజర్ రివ్యూ: డీడీఎక్స్3ఎక్స్ రిపోర్టు చేతికొచ్చాక ఈ సైటు ఎంతవరకు పనికొస్తుంది?

ఎక్సోమ్ (ప్రొటీన్లకు కోడ్ ఉన్న జన్యుభాగాలన్నీ చదివే పరీక్ష) రిపోర్టులో డీడీఎక్స్3ఎక్స్ అనే జన్యువు పేరు, దాని పక్కన ‘అనిశ్చిత ప్రాముఖ్యం’ (జబ్బుకు కారణమో కాదో తేలలేదు) అనే మాట కనిపించాక డాక్టర్లు, ల్యాబువాళ్లు, కాస్త ఓపిక ఉన్న తల్లిదండ్రులు ముందుగా తెరిచే వెబ్‌సైటు నోమాడ్ (gnomAD). అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ లేదు, ప్రకటనల గోల లేదు. ఇందులో ఉన్నది రోగుల జాబితా అనుకుంటే పొరపాటు. రకరకాల అధ్యయనాల కోసం డీఎన్‌ఏ ఇచ్చిన లక్షల మందిలో ఏ మార్పు ఎంతమందికి ఉందో చెప్పే లెక్కల పుస్తకం ఇది. ఆ ఒక్క పనిలో దీనికి సాటి లేదు. ఐదుకు నాలుగున్నర.

చిక్కంతా మనం వాడే తీరుతోనే. ‘నోమాడ్‌లో లేదు, కాబట్టి జబ్బుకు కారణం ఇదే’ అని తేల్చేసే రిపోర్టులూ ఉన్నాయి, ‘నోమాడ్‌లో ఒకరికి ఉంది, కాబట్టి ఏమీ కాదు’ అని ఊరడించే మాటలూ ఉన్నాయి. డీడీఎక్స్3ఎక్స్ విషయంలో ఈ రెండూ పప్పులో కాలేయడమే.

జన్యువు గురించి పనికి సరిపడా

డీడీఎక్స్3ఎక్స్ తయారుచేసేది ఒక ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్‌ను. తన మీద తానే మడతపడి జంటకట్టిన ఆర్‌ఎన్‌ఏ పోగులను, ఏటీపీ అనే కణ ఇంధనాన్ని ఖర్చుపెట్టి విడదీసే ఎంజైము అది. ముందుభాగం బాగా ముడిపడి ఉన్న సందేశ ఆర్‌ఎన్‌ఏల నుంచి ప్రొటీను తయారీ మొదలుకావాలంటే దీని సాయం కావాలి. పొడవు 662 అమైనో ఆమ్లాలు, జన్యువులో 17 ఎక్సాన్లు (సందేశ ఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు), చోటు ఎక్స్ క్రోమోజోము పొట్టి చెయ్యి మీద, పి11.4 దగ్గర. పని జరిగేది రెండు హెలికేజ్ భాగాల్లో: 211 నుంచి 403 వరకు ఒకటి, 414 నుంచి 575 వరకు రెండోది. 347–350 స్థానాల్లో వరసగా ఆస్పార్టిక్, గ్లుటామిక్, అలనిన్, ఆస్పార్టిక్ ఉంటాయి. వాటి పొట్టి అక్షరాలు కలిపితే ‘డెడ్’ అవుతుంది, అందుకే ‘డెడ్-బాక్స్’ కుటుంబం అన్నారు. రిపోర్టులో ఆ మాట చూసి హడలిపోయేవాళ్లున్నారు. దానికీ చావుకీ ఏ సంబంధమూ లేదు.

ఆడవాళ్లలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూగబోతుందని బళ్లో చదువుకున్నాం. ఈ జన్యువు ఆ మూగబోవడాన్ని తప్పించుకుంటుంది, రెండు కాపీలూ పనిచేస్తాయి. మగవాళ్లకు వై క్రోమోజోము మీద డీడీఎక్స్3వై అనే జంట జన్యువు ఉంది. ఆడపిల్లలో ఒక కాపీ పాడైతే మేధో వైకల్యం, మాట ఆలస్యం, కండరాల పట్టు తగ్గడం లేదా బిగుసుకుపోవడం, ఆటిజం లక్షణాలు, కొందరిలో మెదడు నిర్మాణంలో తేడాలు వస్తాయి. 2015లో స్నైడర్స్ బ్లాక్ బృందం 38 మంది అమ్మాయిల్లో దీన్ని మొదటగా వివరించింది. కారణం తేలని మేధో వైకల్యం ఉన్న ఆడవాళ్లలో 1 నుంచి 3 శాతం మందికి ఈ జన్యువే కారణం కావచ్చని అప్పుడే అంచనా వేశారు. 2020 నాటికి 107 మందితో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. దాదాపు అన్నీ తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టిన మార్పులే. ఈ ‘కొత్తగా’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. నోమాడ్ ఇవ్వలేని జవాబు అక్కడే ఉంది.

తెరవగానే చూడాల్సింది: వెర్షన్

పైన పెట్టెలో వెర్షన్ ఎంచుకునే చోటు ఉంటుంది. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వెర్షన్ 2లో 1,25,748 ఎక్సోములు, 15,708 జీనోములు ఉన్నాయి; అది జీఆర్‌సీహెచ్37 అనే పాత జీనోమ్ పటం మీద కట్టింది. 2023 నవంబరులో వచ్చిన వెర్షన్ 4లో 7,30,947 ఎక్సోములు, 76,215 జీనోములు, మొత్తం 8,07,162 మంది. ఇది జీఆర్‌సీహెచ్38 మీద ఉంది. మీ రిపోర్టు ఏ పటం మీద తయారైందో మొదటి పేజీలోనో, చివర పరీక్ష విధానం రాసిన చోటో ఉంటుంది. హెచ్‌జీ19 అని ఉంటే 37, హెచ్‌జీ38 అని ఉంటే 38.

డీడీఎక్స్3ఎక్స్ పాత పటంలో దాదాపు 4 కోట్ల 11 లక్షల 90 వేల స్థానం దగ్గర మొదలవుతుంది, కొత్త పటంలో 4 కోట్ల 13 లక్షల 30 వేల దగ్గర. తేడా సుమారు 1 లక్ష 40 వేల డీఎన్‌ఏ అక్షరాలు. పాత అంకెను కొత్త వెర్షన్‌లో కొడితే సైటు తప్పని చెప్పదు. జన్యువు బయట ఎక్కడో వెతికి, లేదని చెబుతుంది. ఆ ‘లేదు’ను రిపోర్టులోకి ఎక్కించేస్తే వచ్చిన జవాబుకి విలువేమీ లేదు. వెతికిన స్థానంలో నిజంగా డీడీఎక్స్3ఎక్స్ ఉందో లేదో, జన్యువు పేరుతో పేజీ తెరిచి సరిచూసుకోండి. దీనికి పట్టేది అర నిమిషం.

వెతుకు పెట్టెలో జన్యువు పేరు, ఆర్‌ఎస్ నంబరు (తెలిసిన మార్పులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), క్లిన్‌వార్ (ల్యాబులు తమ తీర్పులు జమచేసే సైటు) నంబరు, లేదా ‘క్రోమోజోము-స్థానం-పాత అక్షరం-కొత్త అక్షరం’ అనే వరస ఇస్తే సాఫీగా దొరుకుతుంది. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, సైటులో టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాలే.) రిపోర్టులో ‘సి.1126సి>టి’ లాంటి అంకె మాత్రమే ఉంటే, ముందు వేరియంట్‌వాలిడేటర్ అనే ఉచిత సైటులో ట్రాన్‌స్క్రిప్టు (జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ రూపం) నంబరుతో సహా ఇచ్చి జీనోమ్ స్థానంగా మార్చుకోవాలి. డీడీఎక్స్3ఎక్స్‌కు ప్రామాణిక ట్రాన్‌స్క్రిప్టు ఎన్ఎమ్_001356.5. ట్రాన్‌స్క్రిప్టు నంబరు రాయకుండా ఉత్త సి. అంకె ఇచ్చిన రిపోర్టు అసంపూర్ణమే. ఎందుకంటే ఈ జన్యువుకే 646 అమైనో ఆమ్లాల పొట్టి రూపం ఒకటుంది, ముందుభాగంలో 16 తక్కువ. ఒక రూపంలో 376 అయ్యే ఆర్జినిన్ ఇంకో రూపంలో 360 అవుతుంది. మార్పు ఒక్కటే అయినా పాత పరిశోధనా పత్రాల్లో వెతికేటప్పుడు రెండు వేర్వేరు మార్పుల్లా కనిపిస్తుంది.

జన్యువు పేజీ: పైన ఉన్న పట్టికను ఎలా చదవాలి

పేజీ పైభాగంలో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఇంత పొడవున్న జన్యువులో, ఇంతమందిలో, యాదృచ్ఛికంగా ఎన్ని మార్పులు ఉండాలి, నిజానికి ఎన్ని ఉన్నాయి అన్న పోలిక అది. మూడు వరసలు: ప్రొటీను మారనివి, ఒక అమైనో ఆమ్లం మారేవి (మిస్సెన్స్), జన్యువును పూర్తిగా పాడుచేసేవి. డీడీఎక్స్3ఎక్స్ మొదటి వరసలో మామూలుగానే ఉంటుంది. మూడో వరసలో మాత్రం దాదాపు ఖాళీ. పీఎల్ఐ అనే అంకె 0.9 దాటితేనే జన్యువు నష్టాన్ని ఓర్చుకోలేదంటారు. దీనికి అది 1. లూఫ్ అనే ఇంకో అంకె తక్కువైనకొద్దీ జన్యువు అంత సున్నితం. వెర్షన్ 2లో హద్దు 0.35, వెర్షన్ 4లో 0.6. రెండు వెర్షన్ల హద్దులు కలగాపులగం చేయకండి. మిస్సెన్స్ వరసలో జడ్ స్కోరు (ఎక్కువైనకొద్దీ మార్పుల కొరత ఎక్కువ) కూడా హద్దుగా చెప్పే 3.09 కంటే బాగా ఎక్కువ.

పట్టిక చెబుతున్నది జన్యువు గురించి. మీ బిడ్డలో ఉన్న మార్పు గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ప్రొటీను తయారీని మధ్యలో ఆపే స్టాప్ కోడాన్ తెచ్చే మార్పో, అక్షరాలను మూడేసిగా (కోడాన్లుగా) చదివే వరసను, అంటే ఫ్రేమ్‌ను, తప్పించే మార్పో అయితే ఈ పట్టిక బలమైన సాక్ష్యం. మిస్సెన్స్ అయితే ప్రొటీనులో ఎక్కడ పడిందో చూడాలి. ఈ జబ్బులో దొరికిన మిస్సెన్స్ మార్పులు ఎక్కువగా పైన చెప్పిన రెండు హెలికేజ్ భాగాల్లోనే గుమిగూడి ఉన్నాయి. 351లో ఆర్జినిన్ మారితే అది డెడ్ పెట్టెకి గోడ పక్కనే. 620 దగ్గర తోకలో మారిన అక్షరానికి అంత అనుమానం అక్కర్లేదు. పేజీలో ప్రొటీను భాగాలను చూసి లెక్కపెట్టే వీలు సరిగ్గా లేదు, ప్రొటీన్ల సమాచార సైటు యూనిప్రాట్‌లో ఓ00571 అనే ఎంట్రీని పక్కన ట్యాబులో తెరిచి పెట్టుకోండి.

వేరియంట్ల పట్టిక: గళ్లు ఎన్ని ఉన్నా చూడాల్సింది ‘హెమిజైగస్’ గడి

కిందికి జరిగితే కవరేజీ (ఏ చోటును ఎంత బాగా చదివారో చూపే) గ్రాఫు, దాని కింద క్లిన్‌వార్ చుక్కలు, ఆ కింద పెద్ద పట్టిక. మొబైల్లో ఈ పట్టిక చదవడం నరకం, ల్యాప్‌టాప్‌లోనే చూడండి. ఎడమవైపు మీటలతో మిస్సెన్స్ మాత్రమే, పాడుచేసేవి మాత్రమే అని వడకట్టవచ్చు. మొత్తాన్ని సీఎస్‌వీగా దించుకుని ఎక్సెల్‌లో పెట్టుకోవచ్చు. నాణ్యత పరీక్షలో తప్పిన వేరియంట్లు (మార్పులు) మొదట దాగి ఉంటాయి, వాటిని చూపే టిక్కు విడిగా ఉంటుంది. అది పెట్టి చూసేటప్పుడు ‘ఏసీ0’ లాంటి గుర్తులున్న వరసలను అసలు వేరియంట్ల లెక్కలో కలపకండి.

మామూలు జన్యువులకు అందరూ చూసేది అల్లీల్ కౌంటు, అంటే ఆ మార్పు ఉన్న కాపీల సంఖ్య. డీడీఎక్స్3ఎక్స్‌కు హెమిజైగోట్ల (ఉన్న ఒక్క ఎక్స్ మీదే మార్పు ఉన్న మగవాళ్ల) సంఖ్య అంతకంటే విలువైనది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి అక్కడ మార్పు ఉంటే దాన్ని కప్పిపుచ్చే రెండో ఎక్స్ కాపీ ఉండదు. ఒక మిస్సెన్స్ మార్పు పది పదిహేను మంది మగవాళ్లలో ఉండి, వాళ్లు పెద్దయి అధ్యయనాలకు సంతకం పెట్టగలిగే స్థితిలో ఉన్నారంటే, ఆ మార్పు ఆడపిల్లలో తీవ్రమైన వైకల్యం తెస్తుందన్న వాదన నిలబడదు. ఈ గడి చూడకుండా మొత్తం ఫ్రీక్వెన్సీ మాత్రమే రాసే రిపోర్టులు ఉండటం ఆశ్చర్యం.

పక్కనే ఉన్న అల్లీల్ నంబరును (ఆ చోట చదవగలిగిన మొత్తం కాపీలను) కూడా ఒకసారి లెక్కకట్టి చూడండి. 8,07,162 మంది అంటే మామూలు క్రోమోజోముల మీద 16 లక్షల పైచిలుకు కాపీలు. ఎక్స్ మీద మగవాళ్లకు ఒక్కటే కాబట్టి, ఆడామగా సగం సగం అనుకుంటే 12 లక్షల చుట్టుపక్కల రావాలి. మీ స్థానంలో అది బాగా పడిపోయి కనిపిస్తే అక్కడ సీక్వెన్సింగ్ సరిగ్గా జరగలేదని అర్థం. అలాంటి చోట ‘ఎవరిలోనూ లేదు’ అన్నది ఎవరినీ సరిగ్గా అడగకుండా రాసుకున్న జవాబు. పైన కవరేజీ గ్రాఫులో గుంట పడిన ఎక్సాన్లకూ ఇదే వర్తిస్తుంది.

మీ వేరియంట్ నోమాడ్‌లో ఒకరిద్దరిలో ఉందని కనిపిస్తే కంగారుగా కొట్టిపారేయకుండా దాని పేజీ తెరవండి. తీవ్రమైన బాల్యవ్యాధులున్నవాళ్లను, వాళ్ల దగ్గరి రక్తసంబంధీకులను తెలిసినంత మేరకు తీసేశామని నోమాడ్ చెబుతుంది, కానీ తేలికపాటి లక్షణాలున్నవాళ్లు అందులో ఉండరని హామీ లేదు. అంతకంటే ముఖ్యం అల్లీల్ బ్యాలెన్స్ గ్రాఫు. పుట్టుకతో వచ్చిన మార్పయితే ఆడవాళ్లలో సగం రీడ్లలో (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో) కనిపించాలి, 0.5 దగ్గర. 0.2 దగ్గర వేలాడుతుంటే అది కొన్ని కణాల్లోనే ఉన్న మార్పు, లేదా వయసు మీద పడ్డాక రక్తకణాల్లో పుట్టింది. ఏఎస్ఎక్స్ఎల్1 అనే ఇంకో జన్యువు విషయంలో సరిగ్గా ఇలాగే జరిగింది: బాల్యంలో తీవ్ర వ్యాధి తెచ్చే మార్పులు నోమాడ్ పూర్వరూపమైన ఎగ్జాక్‌లో పెద్దవాళ్లలో కనిపించి జనాన్ని గందరగోళపెట్టాయి. అవి రక్తంలో తర్వాత పుట్టినవని తేలింది. అదే పేజీలో వయసు గ్రాఫు, అసలు రీడ్ల బొమ్మ కూడా ఉంటాయి. నిజంగా అక్కడ మార్పు ఉందా, లేక వరసగా ఒకే అక్షరం పదేపదే వచ్చిన చోట యంత్రం తడబడిందా అన్నది కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఉచిత సైటులో ఇంత ఇవ్వడం మెచ్చుకోవలసిన విషయం.

‘లేదు’ అన్న జవాబుకి ఖరీదెంత?

ఇక ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే: వెతికారు, లేదు. ఇప్పుడేం అనుకోవాలి?

662 కోడాన్లలో ఒక్కొక్క అక్షరాన్ని మూడేసి రకాలుగా మార్చవచ్చు. ఒక్కో కోడాన్‌కు తొమ్మిది చొప్పున 5,958 మార్పులు. అందులో నాలుగింట మూడు వంతులు మిస్సెన్స్ అనుకున్నా నాలుగు వేలు దాటతాయి. ఎనిమిది లక్షల మందిలో వెతికినా వాటిలో కనిపించేది చిన్న భాగమే. అంటే కళ్లు మూసుకుని ఏదో ఒక మిస్సెన్స్ మార్పును ఊహించి రాసినా అది నోమాడ్‌లో లేకపోయే అవకాశమే ఎక్కువ. ‘లేదు’ అన్న జవాబు ఎంత చవకో ఇది చాలు చెప్పడానికి.

అయితే అన్ని ‘లేదు’లకూ ఒకే ధర కట్టకూడదు. డీఎన్‌ఏలో సి పక్కన జి వచ్చే చోట, మిథైలేషన్ (సికి అంటుకునే రసాయన గుర్తు) ఉంటే, సి కాస్తా టి అయ్యే మార్పు మిగతా వాటి కంటే సుమారు పది రెట్లు తరచుగా జరుగుతుంది. ఆర్జినిన్ కోడాన్లలో ఎక్కువ భాగం సిజి తోనే మొదలవుతాయి. ఈ జబ్బులో మళ్లీ మళ్లీ దొరికిన పి.ఆర్జ్326హిస్ (326లో ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ అని చదవాలి), పి.ఆర్జ్376సిస్, పి.థర్532మెట్ మూడూ ఇలాంటి చోట్లవే. లక్షల మందిలో సులువుగా పుట్టాల్సిన మార్పు ఆరోగ్యవంతుల్లో కనబడకపోతే, అది ఎక్కడో జల్లెడ పట్టి తీసేసినట్టు. అదే అరుదుగా జరిగే ఎ నుంచి సి మార్పు కనబడకపోతే దానికి అంత అర్థం లేదు. ఈ తేడాను సైటు ఎక్కడా చెప్పదు, మీరే కోడాన్ చూసుకోవాలి.

మార్పు వ్యాధికారకమా కాదా తేల్చడానికి ల్యాబులు వాడే ఏసీఎంజీ నియమాల పాయింట్ల లెక్కలో చూసినా ఇంతే. నోమాడ్‌లో లేకపోవడానికి 2020 నుంచి క్లిన్‌జెన్ అనే నిపుణుల వేదిక సూచన ప్రకారం దక్కేది ఒకే ఒక్క పాయింటు. మిస్సెన్స్ మార్పు హానిని కంప్యూటరుతో అంచనావేసే రెవెల్ స్కోరు 0.773 దాటితే రెండు. మొత్తం మూడు. ‘బహుశా వ్యాధికారకం’ అనాలంటే ఆరు కావాలి, సున్నా నుంచి ఐదు దాకా అనిశ్చితమే. మిగతా పాయింట్లు వచ్చేది అమ్మానాన్నల రక్తం నుంచి. ఇద్దరిలోనూ మార్పు లేదని, వాళ్లు జన్యుపరంగా నిజమైన తల్లిదండ్రులేనని తేలితే నియమం ప్రకారం నాలుగు దాకా ఇవ్వొచ్చు. కానీ మేధో వైకల్యం వందల జన్యువుల వల్ల వస్తుంది కాబట్టి, లక్షణాలు ఈ జబ్బుకే ప్రత్యేకంగా సరిపోకపోతే ఒక్క బిడ్డతో దక్కేవి ఒకటో రెండో. అదే మార్పు కొత్తగా పుట్టినట్టు వేరే పిల్లల్లోనూ నమోదై ఉంటే బలం పెరుగుతుంది. అందుకే రిపోర్టు ‘అనిశ్చితం’ అని వస్తే ల్యాబుతో వాదించే బదులు తల్లిదండ్రులిద్దరి శాంపిళ్లతో శాంగర్ పరీక్ష చేయించడం తెలివైన పని. పరీక్షించేది ఒక్క స్థానమే కాబట్టి ఇంకో ఎక్సోమ్ ఖర్చు పెట్టక్కర్లేదు.

అబ్బాయి అయితే దారి మారుతుంది. జన్యువు పూర్తిగా పాడైన మార్పులు మగ పిండం నిలవనివ్వవని భావిస్తున్నారు. అబ్బాయిల్లో దొరికేవి సాధారణంగా కొంత పనితనం మిగిలిన మిస్సెన్స్ మార్పులు, అవి ఏ లక్షణమూ లేని తల్లి నుంచి కూడా రావచ్చు. 2015 నాటి అధ్యయనంలోనే అలాంటి మూడు కుటుంబాలున్నాయి. ‘తల్లిలో ఉంది, తల్లి బాగానే ఉంది, కాబట్టి వదిలేయండి’ అన్నది కూతురి విషయంలో చాలావరకు సరైన మాటే. కొడుకు విషయంలో కాదు. మేనమామలను, తల్లి తరఫు తాతను పరీక్షిస్తే తేలుతుంది. అక్కడ నోమాడ్ హెమిజైగస్ గడి మళ్లీ అక్కరకొస్తుంది.

మనవాళ్లు అందులో ఎంతమంది?

వెర్షన్ 4లో దక్షిణాసియా వర్గం కింద సుమారు 45 వేల మంది ఉన్నారు. వెర్షన్ 2లో 15 వేల పైచిలుకు, అంతకు ముందు ఎగ్జాక్‌లో 8 వేల పైచిలుకు. పాత వెర్షన్లలో ఈ వర్గంలో పెద్ద వాటా పాకిస్తాన్‌లో జరిగిన గుండెజబ్బుల అధ్యయనానిది. తెలుగువాళ్లు ఎంతమందో విడదీసి చూసే మీట లేదు, దక్షిణాసియా అంతా ఒకే గంపలో పడేశారు. మేనరికాలు, కులంలోనే పెళ్లిళ్లు తరతరాలుగా నడిచిన మన ప్రాంతానికి ఇది చిన్న లోటు కాదు. ఆర్యవైశ్యుల్లో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ లోపం తెచ్చే మార్పు మత్తుడాక్టర్లకు బాగా తెలిసిన ఉదాహరణ: ప్రపంచం మొత్తంలో అరుదు, ఒక సమూహంలో మామూలు.

డీడీఎక్స్3ఎక్స్‌కు మాత్రం ఈ లోటు అనుకున్నంత దెబ్బ తీయదు. కొత్తగా పుట్టే మార్పుకి కులం, ప్రాంతం పట్టింపు లేదు. నిడదవోలులో పుట్టినా నార్వేలో పుట్టినా అదే యాదృచ్ఛికం. దెబ్బ తగిలేది ఒక్క చోట: మన సమూహాల్లో హాని లేకుండా తిరుగుతున్న అరుదైన మిస్సెన్స్ మార్పు ఏదైనా ఉంటే, నోమాడ్‌కు అది తెలియదు కాబట్టి రిపోర్టులో అనుమానితుడిగా నిలబడుతుంది. అందుకే ఇండిజెన్ సైటు కూడా తెరవండి. 1,029 మంది భారతీయుల పూర్తి జీనోములు అందులో ఉన్నాయి, హైదరాబాద్ సీసీఎంబీ కూడా ఆ పనిలో భాగం పంచుకుంది. సంఖ్య చిన్నదే కాబట్టి అక్కడ ‘లేదు’ అన్నదానికి విలువ లేదు, ‘ఉంది’ అంటే మాత్రం బంగారం. పదివేల మంది జీనోములతో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కూడా వచ్చింది.

పక్కన పెట్టుకోవాల్సిన క్లిన్‌వార్

నోమాడ్ జన్యువు పేజీలో క్లిన్‌వార్ చుక్కలు కనిపిస్తాయి గానీ అసలు సైటులోనే చూడాలి. ల్యాబులు తమ తీర్పులను అక్కడ జమచేస్తాయి. నక్షత్రాలు ముందు చూడండి: ఒకటి అంటే ఒక ల్యాబు తన ప్రమాణాలతో చెప్పింది, రెండు అంటే ఒకటి కంటే ఎక్కువ ల్యాబులు ఏకీభవించాయి, మూడు అంటే నిపుణుల బృందం. నక్షత్రాలే లేని ‘పాథోజెనిక్’ను ఊళ్లో పుకారు కింద జమకట్టండి. డీడీఎక్స్3ఎక్స్ అని వెతికితే ఎక్స్ క్రోమోజోములో పెద్ద ముక్కలు పోయిన కేసులు కూడా కుప్పలుగా వస్తాయి, వాటిలో వందల జన్యువులుంటాయి. ఎడమవైపు ఒకే జన్యువు, చిన్న వేరియంట్లు అన్న వడపోతలు పెట్టాకే జాబితా చదవగలిగేలా ఉంటుంది.

ఇంకో మాట. గూగుల్లో ఈ జన్యువు పేరు కొడితే మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సరు, హెచ్ఐవీ, ఇన్‌ఫ్లమేషన్ అన్నీ వరసకడతాయి. కణంలో ఇది చేసే పనులు చాలా కాబట్టి అలా వస్తాయి. కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో చదివిన తిరుమలదేవి కన్నెగంటి బృందం అమెరికాలో చేసి 2019లో నేచర్‌లో ప్రచురించిన పని కూడా అలాంటిదే: ఒత్తిడిలో పడిన కణం బతకాలా చావాలా అన్న నిర్ణయంలో డీడీఎక్స్3ఎక్స్ పాత్ర. క్యాన్సరు కణితిలో పుట్టిన మార్పు వేరు, బిడ్డకు పుట్టుకతో వచ్చిన మార్పు వేరు. క్లిన్‌వార్ 2024 నుంచి ఈ రెండు తీర్పులను విడివిడిగా చూపిస్తోంది, ఏ గడిలో ఉందో చూసుకోండి.

కోసేసిన అర మార్కు

నోమాడ్ వేరియంట్ పేజీలో రెవెల్, క్యాడ్, స్ప్లైస్‌ఏఐ లాంటి హాని అంచనా స్కోర్లు చక్కగా ఉంటాయి. కానీ అవి నోమాడ్‌లో దొరికిన వేరియంట్లకే. మీకు నిజంగా అవసరమైన మార్పు సాధారణంగా అందులో ఉండదు కాబట్టి దానికి ఆ పేజీయే ఉండదు. స్కోర్ల కోసం ఇంకో సైటుకి పోవాలి. కోడాన్‌ను బట్టి ‘ఇక్కడ లేకపోవడం ఆశ్చర్యమా కాదా’ అని ఒక్క వాక్యం చూపించడం వాళ్ల దగ్గరున్న లెక్కలతో కష్టమైన పని కాదు. దక్షిణాసియా గంపను విడదీయకపోవడం రెండో ఫిర్యాదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే కాగితం మీద ఈ వరస ఉంటే చాలు: ట్రాన్‌స్క్రిప్టు నంబరుతో సహా మార్పు, జీనోమ్ పటం, నోమాడ్ వెర్షన్, చూసిన తేదీ, అల్లీల్ కౌంటు, అల్లీల్ నంబరు, హెమిజైగోట్లు. ల్యాబు రిపోర్టులో ‘నోమాడ్‌లో లేదు’ అని మాత్రమే ఉండి వెర్షన్ రాయకపోతే, ఏ వెర్షనో రాతపూర్వకంగా అడగండి. వెర్షన్ 2 అని జవాబొస్తే, వెర్షన్ 4లో మళ్లీ చూసి సవరించిన రిపోర్టు ఇమ్మనడంలో తప్పులేదు.